వనస్పతి: కొలచినదియు, కొలువనిదియు

చంద్రపురమునుండి తాడోబా యడవికి పోవు బాటలో తుకుం అను పేట యున్నది. పెద్దలు చాందా యని పిలిచిన పట్టణమే యీ చంద్రపురము. బొగ్గుగనులను, బల్లార్షా కాగితపు మిల్లును, విద్యుత్కేంద్రమును ఆశ్రయించి వచ్చిన తెలుగు కుటుంబము లీ ప్రాంతమున పెక్కు గలవు. ఎచ్చటినుండియు రాక, మొదటినుండి యిచ్చటనే యున్న తెలుగువారును గలరు. ఏలయన రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలోనిది. తెలుగు వినవచ్చు సిరొంచ తాలూకాయు 1982లో గడచిరోలి జిల్లా వేరుపడు వరకు ఈ జిల్లాలోనిదే. కావున తుకుంలో నొక తెలుగింట పెండ్లి యనగా పందిటిలో మూడు నాలుగు మాండలికములు వినబడుట సహజము.

అట్టి పెండ్లి కొకదానికి మేము పోయి యుంటిమి. పందిటి వెనుక గాడిపొయ్యి త్రవ్వించుచు వంటపెద్ద సరకుల జాబితా చెప్పుచుండెను. పెండ్లికూతురి తమ్ముడు వ్రాసికొనుచుండెను.

"డాల్డా రెండు డబ్బాలు రాయండి బాబూ."

"డాల్డా ఎందుకండీ? మంచి రిఫైండు నూనె తెప్పించాంగా."

"నూనెతో బాదుషా పొర విడదండి. పోనీ నెయ్యి తెప్పించండి, నాకేం?"

నెయ్యి ధర తెలిసినవాడు గాన కుఱ్ఱవాడు మారు పలుకక డాల్డా యనియే వ్రాసెను. అంగడినుండి వచ్చిన డబ్బామీద మాత్రము డాల్డా యను పేరు లేదు, వేరొక పేరున్నది. ఒక కంపెనీవారి ముద్రానామము జాతికంతటికి సామాన్యనామ మైపోయినందున ఆ సంగతి నెవరును పట్టించుకొనలేదు. పట్టించుకొన్నవారు ఒక్కరే. అరుగుమీద కూర్చుండియున్న యొక వృద్ధులు డబ్బాను తెప్పించుకొని, కన్నద్దములు సవరించుకొని, దానిపై నున్న సన్నని యక్షరములను మొదటినుండి తుదివరకు చదివిరి. వారు నాగపురమున లక్ష్మీనారాయణ సాంకేతిక విద్యాలయములో తైలశాస్త్రము చదివి, ఒక వనస్పతి మిల్లు పరీక్షాశాలలో పెక్కేండ్లు పనిచేసి విశ్రమించినవారు. వారి పేరు, ఆ మిల్లు పేరు మా కిక్కడ నవసరము లేదు. దూరపు వరుసను వారిని మామయ్యగారని పిలుతుము. వారు మమ్ము వకీలుగారని పిలుతురు. ఆ మధ్యాహ్నము వారివలన మేము విన్నదియు, తరువాత చదివి తెలిసికొన్నదియు పాఠకుల ముందుంచుట యీ వ్యాసమునకు ప్రయోజనము.

నూనెకు హైడ్రోజను చేర్చి గట్టిపరచు విద్య మన దేశమున పుట్టినది కాదు. ఫ్రాన్సులో సబాత్యే యను రసాయనజ్ఞుడు నికెల్ పొడి సమక్షమున ఆవిరిరూపమున నున్న పదార్థములకు హైడ్రోజను నెక్కింపవచ్చునని చూపెను. దాని కాయన 1912లో నోబెలు బహుమానము పొందెను. ద్రవరూపమున నున్న నూనెలకే యీ పద్ధతి పనిచేయునని జర్మనీలో విల్‌హెల్మ్ నార్మన్ కనుగొని 1902లో హక్కుపత్రము తీసికొనెను. 1911లో అమెరికాలో పత్తిగింజల నూనె "క్రిస్కో" యై అంగళ్ల కెక్కెను. మన దేశమునకు "కూరగాయల నెయ్యి" యను పేర హాలెండునుండి డబ్బాలు దిగుచుండెడివి. తరువాత ఇక్కడనే మిల్లులు వెలసినవి. 1937లో డాల్డా బజారున కెక్కెను. డాడా యను దిగుమతి వర్తకుల పేరి నడుమ లీవరు కంపెనీవారు తమ యక్షరమును చొప్పించుటవలన ఆ పేరు పుట్టినదని చెప్పుదురు. ముడిసరకు మాత్రము మనదే. రాయలసీమ వేరుసెనగ చాలకాలము ఈ మిల్లులకు ప్రాణాధారము.

మిల్లులో జరుగున దేమనగా, మూతబిగించిన ఉక్కుపాత్రలో శుభ్రపరచిన నూనెను నూటయేబది మొదలు రెండువందల డిగ్రీల వరకు కాచి, అందు చిటికెడు నికెల్ ఉత్ప్రేరకమును కలిపి, ఒత్తిడితో హైడ్రోజను వాయువును పంపుచు కలియబెట్టుదురు. నూనెలోని కొవ్వు ఆమ్లము కర్బన పరమాణువుల గొలుసు. ఆ గొలుసులో అక్కడక్కడ జంటబంధము లుండును. ప్రకృతిలో దొరకు నూనెలలో దాదాపు ప్రతి జంటబంధముకడను గొలుసు వంగియుండును. వంకరకట్టెలు మోపునకు కుదురునా? కావుననే నూనె కారుచుండును. హైడ్రోజను చేరి జంటబంధము విడిపోయిన చోట గొలుసు తిన్ననగును, తిన్నని కట్టెలు దగ్గరగా పేర్చుకొనును, నూనె గట్టిపడును.

ఇంత వరకు బడిపిల్లలకు చెప్పు పాఠమే. మామయ్యగారి కథ అటుపైన మొదలగును.

ఈ చర్యను ఎచ్చట నాపవలయును? పూర్తిగా సాగనిచ్చినచో మైనమువంటి ముద్ద తయారగును, నాలుకపై కరగదు. ముందే యాపినచో డబ్బాలో పైన నూనె, అడుగున గసి. పాత్ర మూసియున్నది, లోపలి మార్పు కంటికి కానరాదు. ఇంటిలో వెన్న కాచు ఇల్లాలికి చెవియే పరికరము. చిటపట సద్దణగగానే నీరు పోయినదని తెలిసి, కమ్మని వాసన రాగానే దింపును. మిల్లులో అట్టి వీలు లేదు. కావున గడియ గడియకు నమూనా తీసి పరీక్షింతురు. మొదటి పరీక్ష వక్రీభవన సంఖ్య. వేడి నూనెచుక్కను గాజుపట్టకముల నడుమ నుంచి వెలుతురు ఎంత వంగినదో చూతురు. జంటబంధములు తగ్గినకొలది ఆ సంఖ్య తగ్గును. రెండు నిమిషముల పని. రెండవది అయొడిన్ సంఖ్య. తూచిన నూనెను మూతగల కుప్పెలో కరగించి, వైస్ ద్రావణమును పోసి, అరగంట చీకటిలో నుంచి, మిగిలిన అయొడినును హైపో ద్రావణముతో లెక్కింతురు. పిండిద్రావణపు నీలివన్నె మాయమగు క్షణము తుదిగురుతు. వేరుసెనగ నూనెకు ఈ సంఖ్య 85 మొదలు 99 వరకు నుండును. హైడ్రోజను చేరినకొలది దిగుచు వచ్చును. మూడవది సన్నని గాజుగొట్టములో గడ్డకట్టిన కొవ్వు ఏ వేడివద్ద జారునో చూచుట; అది ద్రవీభవన స్థానము.

"ఈ మూడూ సరిపోతే సైరను కొట్టేవాళ్లం. పంపు తిప్పేవాళ్లు. ముప్పయ్యేళ్లు అదే పని" అని మామయ్యగా రనిరి.

"మఱి ట్రాన్స్ కొవ్వు సంగతి?" అని మేమడిగితిమి.

"అదే చెబుతున్నాను వకీలుగారూ. ఆ ముప్పయ్యేళ్లలో ఒక్కరోజు కూడా దాన్ని కొలవమని మమ్మల్ని ఎవరూ అడగలేదు. కొలవాలని మాకూ తోచలేదు."

ఏమి యీ ట్రాన్స్? నికెల్ మీద చర్య రెండడుగులలో జరుగును. మొదట ఒక హైడ్రోజను పరమాణువు వచ్చి చేరును, జంటబంధము సడలును. రెండవది వెంటనే వచ్చినచో పని పూర్తి. రాకపోయినచో మొదటిది వదలిపోవచ్చును, జంటబంధము మరల బిగియవచ్చును. బిగియునప్పుడు మునుపటి వంపుతోనే బిగియవలెనను నియమము లేదు. ఎదురుదిక్కుకు తిరిగి, గొలుసు తిన్నగా నుండునట్లును బిగియవచ్చును. మొదటిదానికి సిస్ రూపమనియు, రెండవదానికి ట్రాన్స్ రూపమనియు పేరు. నూనెలోని ఒలీయిక ఆమ్లము సిస్. దాని తోబుట్టువైన ఎలాయిడిక ఆమ్లము ట్రాన్స్. రెండింటను పరమాణువుల లెక్క యొక్కటే, జంటబంధముల లెక్కయు నొక్కటే.

ఇచ్చటనే చిక్కున్నది. అయొడిన్ సంఖ్య జంటబంధములను లెక్కించునే గాని అవి యెటు తిరిగియున్నవో అడుగదు. సిస్ ఎంత అయొడినును త్రాగునో ట్రాన్సును అంతే త్రాగును. వక్రీభవన సంఖ్యయు ఈ భేదమును చెప్పజాలదు. కుప్పెలో నీలివన్నె మాయమగుచుండగా, కొవ్వులో నాలుగవ వంతో మూడవ వంతో ట్రాన్సుగా మారియున్నను, పుస్తకములో వ్రాసిన యంకె నిర్దోషముగనే యుండెను. పరీక్షకుడు అబద్ధము వ్రాయలేదు, పరికరము చెడిపోలేదు. ప్రశ్నయే వేరు.

ఇక మూడవ పరీక్షను చూడుడు. ఒలీయిక ఆమ్లము సుమారు 13 మొదలు 16 డిగ్రీలలో కరగును. పూర్తిగా హైడ్రోజను చేరిన స్టియరిక ఆమ్లము సుమారు 70 డిగ్రీలలో. నడుమ నున్న ఎలాయిడిక ఆమ్లము 45 డిగ్రీల ప్రాంతమున కరగును. గదిలో గట్టిగా నుండి నోటిలో కరగు కొవ్వు కావలెనన్నచో స్టియరిక మెక్కువైన మైనమగును, ఒలీయిక మెక్కువైన కారును. నడుమనున్న ట్రాన్సే ఆ గుణమును చక్కగా నిచ్చును. మన శాసన మేమని విధించెను? 1954 నాటి ఆహార కల్తీ నివారణ చట్టము క్రింద 1955లో చేసిన నిబంధనలలో వనస్పతికి ప్రమాణ మేర్పడెను. కరగు వేడి 31 డిగ్రీలకు తగ్గక 37కు మించక యుండవలెను. పిమ్మట అది 41 వరకు సడలింపబడినది. స్వేచ్ఛామ్లములు నూటికి పాతికపైస వంతుకు మించరాదు. నికెల్ పదిలక్షలలో ఒకటిన్నర వంతుకు మించరాదు. గ్రాముకు 25 యూనిట్లకు తగ్గకుండ ఎ విటమిను చేర్చవలెను. నూటికి 5 వంతులు నువ్వులనూనె తప్పక కలుపవలెను. ట్రాన్సును గూర్చి యొక్క మాటయు లేదు. పైగా, కరగు వేడిని గూర్చిన నిబంధనను నెరవేర్చుటకు మిల్లువానికి సులభమైన దారి ట్రాన్సును పెంచుటయే. చట్టము దేనిని నిషేధింపలేదో, దాని వైపునకే తెలియక త్రోసినది. న్యాయవాద వృత్తిలో నున్న మాకు ఇట్టి నిబంధనలు వింత కాదు. వ్రాసినవానికి తోచని ఫలితము చట్టముల కన్నిటను కొంత యుండును. కాని ఈ ఫలితము కోట్లమంది కడుపులలోనికి పోయినది.

నువ్వులనూనె యెందుకని చదువరు లడుగవచ్చును. ఆ కథ వనస్పతి వివాదపు సారమంతయు తెలుపును. 1940 దశకమున దేశమంతట గొప్ప కలవరము పుట్టెను. నేతిలో వనస్పతి కలుపుచున్నారు, పాడిరైతు నశించుచున్నాడు, జనుల ఆరోగ్యము చెడుచున్నదని గోలయెత్తెను. గాంధీమహాత్ముడు తన పత్రికలో దానిని గర్హించెను. 1950 ప్రాంతమున పండిత ఠాకూరుదాసు భార్గవగారు వనస్పతిని నిషేధింపవలెనని పార్లమెంటులో బిల్లు పెట్టిరి. కనీసము దానికి రంగు వేయుడని కొంద రడిగిరి. వేడికి చెడక, సుద్దమట్టికి విరుగక, తినుటకు హానిలేక నిలుచు రంగు దొరకలేదు. అందువలన నువ్వులనూనెను గూఢచారిగా నియమించిరి. గాఢమైన లవణామ్లమును, కొంచెము ఫర్‌ఫ్యూరాలును చేర్చి కుదిపినచో నువ్వులనూనె యున్న కొవ్వు ఆమ్లపు పొరను ఎఱ్ఱబరచును. బౌడాయిను పరీక్ష యనగా నిదియే. నేతి నమూనాలో ఎఱుపు కనబడెనా, వనస్పతి కలిసినదన్నమాట. ఎన్ని కల్తీ వ్యాజ్యములు ఈ ఎఱుపుపై నిలిచినవో, ఎన్ని దీనిపై వాదించి కొట్టివేయించుకొన్నవో మా వృత్తిలోనివా రెరుగుదురు.

ఇది తెలివిగల యేర్పాటు, సందేహము లేదు. కాని ఈ ఏర్పాటున ఎవరి కొరకు ఏమి కొలచుచున్నారు? నేతిలో వనస్పతి యున్నదా యని. వనస్పతిలో నేమున్నదని కాదు. నేయి కొనువాని జేబునకు కావలి యున్నది. వనస్పతి యనియే తెలిసి కొనువాడు, అనగా నేయి కొనలేని బీదవాడు, ఏమి తినుచున్నాడో చూచు కావలి లేదు.

చూడనే లేదనుటయు న్యాయము కాదు. ఆ కలవరము ఫలితముగా ప్రభుత్వమువారు ఇజత్‌నగరు, కూనూరు మున్నగు చోట్ల ఎలుకలకు తరతరములు వనస్పతి పెట్టి పరీక్షలు చేయించిరి. 37 డిగ్రీలకు మించక కరగు వనస్పతి, వేరుసెనగ నూనెకంటె అధికమైన హాని చేయలేదని తేలెను. శాస్త్రజ్ఞులు చూచినదానిని చూచినట్లు చెప్పిరి. ఎలుక పెరుగుదల, ఈనుట, బరువు కొలచిరి. నలుబదేండ్లకు మానవుని గుండెనాళములలో జరుగు మార్పు, పుట్టిన రెండు మూడేండ్లకే చచ్చు ఎలుకలో ఎట్లు కనబడును? కాని ఆ నివేదిక వనస్పతికి అభయపత్ర మయ్యెను. నిషేధపు బిల్లు నిలువలేదు.

ట్రాన్సు రసాయనజ్ఞులకు క్రొత్తది కాదు. ఎలాయిడిక రూపము 19వ శతాబ్దిలోనే తెలిసినది. పరారుణ కిరణములను పంపి, ఏ కిరణము మ్రింగబడినదో చూచి ట్రాన్సును లెక్కించు విధానము 1950 ప్రాంతముననే వాడుకలోనికి వచ్చినది. 1957లో అమెరికాలో ఫ్రెడ్ కుమ్మెరో, ఆయన సహచరులు, మరణించినవారి దేహములలో ట్రాన్స్ ఆమ్లములు పేరుకొనియుండుట చూపిరి. ఎవరును అంతగా చెవిని పెట్టలేదు. 1990లో హాలెండులో మెన్సింక్, కాటన్ అను నిరువురు ఆరోగ్యవంతులకు కొలచి భోజనము పెట్టి, ట్రాన్స్ కొవ్వు రక్తములోని చెడ్డ కొలెస్టరాలును పెంచుటయే గాక మంచిదానిని తగ్గించునని నిరూపించిరి. నేతిలోను కొబ్బరినూనెలోను నున్న సంతృప్త కొవ్వులు రెండవ పని చేయవు. మన దేశమునకు మొదట వనస్పతిని పంపిన హాలెండే, అరువదేండ్లకు దాని గుట్టునుగూడ పంపినది. 1993లో అమెరికాలో దాదుల యారోగ్యమును ఏండ్లతరబడి గమనించిన పరిశోధకులు ట్రాన్స్ ఎక్కువ తినువారిలో హృద్రోగ మెక్కువని ప్రకటించిరి. డెన్మార్కు 2003లో చట్టముచేసి నూటికి 2 వంతులకు మించరాదనెను. కుమ్మెరో మాత్ర మూరకుండలేదు. 2009లో అమెరికా ఆహారౌషధ శాఖకు అర్జీ పెట్టెను; జవాబు రానందున తొంబదియెనిమిదేండ్ల వయస్సున, 2013లో, ఆ శాఖపై వ్యాజ్యము వేసెను. 2015లో ఆ శాఖ పాక్షికముగా హైడ్రోజను చేర్చిన నూనెలు నిరపాయకరములను పూర్వాభిప్రాయమును రద్దుచేసెను. 1957 మొదలు 2015 వరకు లెక్కపెట్టిన ఏబదియెనిమిదేండ్లు. వాయిదాలకు అలవాటుపడిన మా వృత్తివారికిని ఇది దీర్ఘకాలమే.

మన దేశమున హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు — కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదునకు వచ్చిన సంస్థ యిది — వనస్పతిలోని ట్రాన్సును గూర్చి పరిశోధించి హెచ్చరించిరి. 2009లో ఢిల్లీలోని విజ్ఞాన పర్యావరణ కేంద్రమువారు బజారునుండి వనస్పతులను తెచ్చి పరీక్షించి, డెన్మార్కు హద్దునకు అయిదు మొదలు పండ్రెండు రెట్ల వరకు ట్రాన్స్ ఉన్నదని ప్రకటించిరి. అటుపైన శాసనము కదలినది. 2011లో నూటికి 10 వంతుల హద్దు, 2015లో 5, 2021లో 3, 2022 జనవరి 1వ తేదినుండి 2. అది వనస్పతి డబ్బాకే గాక, నూనెగాని కొవ్వుగాని చేరిన ఆహారపదార్థముల కన్నిటికి వర్తించుచున్నది. ట్రాన్సు వలన ప్రపంచమున ఏటేట అయిదు లక్షలకు పైగా మరణములు గలుగుచున్నవని 2018లో ప్రపంచారోగ్య సంస్థ అంచనా. అందు మన పాలెంతయో!

మామయ్యగారు డబ్బామీద వెదకిన యంకె యిదియే. దొరకినది, హద్దులోపలనే యున్నది. "బాగానే ఉంది" అని డబ్బాను వంటపెద్ద కిప్పించిరి. ఆ ముఖమున సంతోషము మాత్ర మంతగా కానరాలేదు. ఏమని యడిగితిమి.

"దీన్నిప్పుడు వేరే విధంగా గట్టిపరుస్తారు. దాన్ని మాత్రం ఎవరు చూస్తున్నారు?"

ఆ వేరొక విధ మిట్టిది. నూనె యనగా ఒక గ్లిజరిను, దానికి వ్రేలాడు మూడు కొవ్వు ఆమ్లములు. మూడు గదుల సత్రమని యనుకొందము. కరగని కొవ్వును, కారు నూనెను కలిపి, సోడియము మెథాక్సైడు చేర్చినచో ఆ మూడు గదుల బాటసారులు తమలో తాము గదులు మార్చుకొందురు. ఎంజైములతోను ఇది చేయుదురు. హైడ్రోజను లేదు, కావున క్రొత్త ట్రాన్స్ పుట్టదు. తాటిజాతి పామాయిలునుండి తీసిన గట్టికొవ్వు దీనికి తరచు ముడిసరకు. మంచిదే. కాని మామయ్యగారి పరీక్షాశాలలో ఈ చర్యను కొలచి చూడుడు. అయొడిన్ సంఖ్య, చర్యకు ముందెంతయో పిమ్మటను అంతే. సపోనిఫికేషను సంఖ్యయు అంతే. ఏ యామ్లము నూటికెంత యున్నదను పట్టికయు మారదు. మారునదెల్ల ఏ యామ్లము ఏ గదిలో నున్నదనునదే. అది తెలియవలెనన్న కరగు వేడినో, ఏ వేడిలో ఎంతభాగము గట్టిగా నిలుచుననునదో చూడవలెను. ఈ గదుల మార్పు దీర్ఘకాలమున దేహమున కేమి చేయునను విషయమున పరిశోధనలు సాగుచున్నవి. ఇది విషమని మేము చెప్పుటలేదు. అట్లు చెప్పుట కాధారము లేదు. ఆమ్లముల పట్టికనే చూచు పరీక్షకుడు మాత్రము ఈ మార్పును పట్టజాలడు.

నూనెను రసాయనముగా మార్చుట యెల్ల చెడ్డ యనుకొనరాదు. తెలంగాణమున పండు ఆముదమును గంధకికామ్లముతో మార్చి చేసిన "టర్కీ రెడ్" నూనెను పూర్వము అద్దకమునకు వాడెడివారు. విదర్భమున పండు అవిసెనూనెను కాచి రంగులకు, వార్నీషులకు వాడుదురు. పాకము తేలినదో లేదో పనివారు చుక్కను వ్రేళ్లనడుమ సాగదీసి చూచెడివారు. నాటి ప్రాంతీయ పరిశోధనాలయములో, అనగా నేటి భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో, కె. టి. అచయగారు ఇరువది యేండ్లకు పైగా నూనెలనుగూర్చి పరిశ్రమించిరి. మన భోజనచరిత్రను వ్రాసిన అచయగారు వీరే. అట్టి చర్యలలో కావలసిన గుణమేదో, కొలచు గుణమును అదియే. వార్నీషు అంటుకొనవలెను, అంటుకొనుచున్నదా యని చూతురు. తినువాని విషయముననే ఈ రెండును విడిపోయినవి: అమ్మువానికి కావలసినది కరగు వేడి, తినువానికి కావలసినది వేరు.

నేటి హద్దుకును ఒక చిక్కు కలదు. బౌడాయిను పరీక్షకు ఒక గాజుగొట్టము, కొంత యామ్లము చాలును. జిల్లా పట్టణమున ఉపాధ్యాయుడైనను చేయగలడు. ట్రాన్సును నూటికి రెండు వంతులవద్ద లెక్కించుటకు గ్యాసు క్రోమటోగ్రాఫు కావలెను, దానికి పొడవైన గొట్టము, నేర్పరియైన చేయి కావలెను. డబ్బాలో నమ్మునది సరే. మిల్లుపేరున్నది, తేదీ యున్నది. మిఠాయి యంగడిలో తట్టనుండి తూచియిచ్చు బాదుషా ఏ కొవ్వుతో చేసినదో ఎవరు చెప్పవలెను? ప్రభుత్వమువారు నమూనాలు తీయుచున్నారు. తీసిన నమూనాల ఫలితములను, ఊరుపేరుతో, సరకుపేరుతో, జనులకు తెలియు భాషలో ఎప్పటికప్పుడు ప్రకటించినచో హద్దునకు బలము వచ్చును. వ్యాపారి జరిమానాకు వెరచునంతగానే పత్రికలోని పేరునకును వెరచును.

గాడిపొయ్యిమీది మూకుడుగూడ ఒక రసాయనపాత్రయే. కాచిన నూనెను మరల మరల కాచినచో అది గాలితో, నీటితో కలిసి వేరగును. చిక్కబడును, నల్లబడును, నురుగు కట్టును. ఈ మార్పునకు 2018 జూలై 1వ తేదినుండి మన దేశమున హద్దున్నది: ధ్రువ సమ్మేళనములు నూటికి 25 వంతులు దాటిన నూనెను వాడరాదు. దానిని చూపు చిన్న పరికరములు బజారున దొరకును. మూకుడులో ముంచగానే అంకె కనబడును. పెద్ద హోటళ్లలో ఉండవచ్చును. తాడోబా బాటలో మిరపకాయ బజ్జీలు వేయు బండివాని కడ మాకు కానరాలేదు.

పెండ్లి ముగిసిన మరునాటి యుదయమున వంటపెద్ద సామాను సర్దుకొనుచు, మూకుళ్లలో మిగిలిన నూనెను డబ్బాలోనికి వడగట్టుచుండెను. నల్లగా, తేనెపాకమువలె చిక్కగా నున్నది. మామయ్యగారు అరుగుమీదనుండియే అడిగిరి.

"అదేం చేస్తావయ్యా?"

"బండివాడొకడు ఉన్నాడండి. సగం ధరకి తీసుకుంటాడు."

"ఎంతిస్తాడు?"

వాడు చెప్పిన మొత్తము మేమనుకొన్నదానికంటె ఎక్కువగనే యుండెను. మామయ్యగారు జేబులోనుండి ఆ మొత్తము తీసి వానికిచ్చి, డబ్బాను తమ యరుగుక్రింద పెట్టించుకొనిరి. సుద్దముక్క తెప్పించి దానిమీద తేదీ వ్రాసిరి. అయొడిన్ సంఖ్య వ్రాయలేదా యని మేము పరిహాసమాడితిమి. "వ్రాసినా తప్పే అవుతుంది, రాయకపోయినా తప్పే అవుతుంది" అని వారు నవ్విరి. మేము బల్లార్షాలో బండి నందుకొనుటకు బయలుదేరు వేళకు డబ్బా యచ్చటనే యుండెను.